గాలికి గోడ చాలు, నీటికి ఎత్తు కావాలి: తుపాను ముందు ఇల్లు వదలాలా, వద్దా?

"రేపు రాత్రికి తీరం దాటుతుందట" అన్న మాట ఊళ్లో తిరిగే వేళకు చాలాసార్లు ఎండే కాస్తుంటుంది. సముద్రం రొద కాస్త పెరుగుతుంది, గాలి మళ్లినట్టు అనిపిస్తుంది, అంతే. లోతట్టు ప్రాంతాల వాళ్లు పునరావాస కేంద్రాలకు తరలిపోవాలని ఆటోలో మైకు అరుస్తుంటుంది. కోడలు కాగితాలు సంచిలో సర్దుతుంటే మామగారు అరుగు మీద కూర్చుని "ఇలాంటివి ఎన్ని చూళ్లేదు" అంటుంటాడు. ఆయన మాట అబద్ధమేమీ కాదు. ఆయన చూసిన తుపాన్లలో చాలావరకు పక్క జిల్లాకు పోయి ఉంటాయి, లేదా నీరసపడి వానతో సరిపెట్టి ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, తుపాను ఎటు పోతుందో తేలకముందే కదలాలో వద్దో తేల్చుకోవాలి. అది తేలేసరికి రోడ్డు మీద నీళ్లుంటాయి.

ముందు బులెటిన్ చదవడం దగ్గరే చాలామంది పొరబడతారు. అందులో రెండు వేగాలుంటాయి. "గంటకు 14 కిలోమీటర్ల వేగంతో వాయవ్యంగా కదులుతోంది" అన్నది తుపాను నడక. "గంటకు 90 నుంచి 100, ఒక్కోసారి 110 కిలోమీటర్ల గాలులు" అన్నది దాని బలం. నడక తగ్గిందని విని బలం తగ్గిందనుకునేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. నిజానికి నెమ్మదిగా నడిచే తుపాను ఒకేచోట ఎక్కువసేపు కురుస్తుంది. ఇక బందరుకు 420 కిలోమీటర్లు, గంటకు 14 చొప్పున ముప్పై గంటలు అని లెక్కేసుకోవడం కూడా నమ్మదగింది కాదు. దారిలో అది మలుపు తిరుగుతుంది, ఆగుతుంది, తీరం దగ్గర ఒక్కోసారి వేగం పుంజుకుంటుంది.

పేర్ల సంగతి త్వరగా చెప్పేసుకుందాం. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే వాయుగుండం తుపాను అవుతుంది. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్రం. ఆపైన 166 దగ్గర ఇంకో మెట్టు ఉంది. 221 దాటితే సూపర్ సైక్లోన్. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 60 కిలోమీటర్ల గాలికి నిలబడిన రేకుల షెడ్డు 120కి కూడా నిలబడుతుందన్న ధీమాకు ఆధారం లేదు.

ఓడరేవుల నంబర్ల గొడవ మరొకటి. "10వ నంబరు ప్రమాద హెచ్చరిక" అని పేపర్లో పెద్దక్షరాలతో వస్తుంది. అది చదివి 8వ నంబరు పడిన రేవు వాళ్లు కాస్త కుదుటపడతారు. ఆ అంకెలు మార్కుల్లాంటివి కావు. 8, 9, 10 మూడూ ఒకే తీవ్రతను చెబుతాయి. రేవు తుపాను దారికి ఎడమ వైపున ఉంటే 8, కుడి వైపున ఉంటే 9, దాదాపు దారిలోనే ఉంటే 10. దీనికి కింది మెట్టులో 5, 6, 7 కూడా ఇదే వరసలో ఉంటాయి. 11 అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని. ఇవన్నీ ఓడల కోసం పెట్టినవి, ఊళ్ల కోసం కాదు. అయినా ఆ కుడి, ఎడమ అన్నది మాత్రం ఊళ్లకు చాలా ముఖ్యం.

ఉప్పెన ఎటు వైపు లేస్తుంది?

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతంలోంచి వాయవ్యంగా వచ్చే తుపాను ఆంధ్ర తీరాన్ని తాకేటప్పుడు, తాకిన చోటుకు కుడి పక్కన, అంటే ఈశాన్యం వైపున్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. అక్కడ నీరు వెనక్కి కూడా పోవచ్చు.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. మనుషులు గుట్టలుగా పోయింది దివిసీమలో. రెంటికీ మధ్య నేరుగా చూసినా అరవై కిలోమీటర్లుంటుంది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ల మీదికి దాదాపు ఐదు మీటర్ల ఎత్తు ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవారు పదివేలకు పైన. కాబట్టి "చీరాల దగ్గర దాటుతుందట, మనకేం" అన్న మాట నాగాయలంకలో కూర్చుని అనదగింది కాదు. తీరం దాటే చోటు అని చెప్పేది తుపాను కన్ను దాటే చోటు మాత్రమే. దాని కుడి భుజం ఎక్కడ పడుతుందో మ్యాపు మీద మీరే చూసుకోవాలి.

ఉప్పెనను పెద్ద అల అనుకోవడం పొరపాటు. అది సముద్రమే మట్టం పెంచుకుని లోపలికి నడిచి రావడం. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. 50 మిల్లీబార్లు పడిపోయినా దాని వాటా అర మీటరే. మిగతాదంతా లోతు తక్కువ ఉన్న తీరం మీదికి గాలి తోసి పేర్చిన నీరు. నిజాంపట్నం నుంచి బందరు వరకు తీరం అరచేయి వంచినట్టు ఉంటుంది, సముద్రం చాలా దూరం వరకు లోతు ఉండదు. తోసిన నీరు పక్కకు జారే దారి లేక పైకి లేస్తుంది. విశాఖ దగ్గర ఒడ్డుకు కాస్త దూరంలోనే లోతు మొదలవుతుంది. అందుకే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా నగరం మీదే దాటినా అక్కడి కొలమానంలో ఉప్పెన సుమారు 1.4 మీటర్లే నమోదైంది. ఆ నగరాన్ని విరగ్గొట్టింది గాలి. అదే గాలి కృష్ణా డెల్టా మీదికి వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. అంచేత విశాఖ చుట్టాలు "మేం ఇంట్లోనే ఉన్నాం, ఏం కాలేదు" అన్నారని కోడూరు వాళ్లు ధైర్యం తెచ్చుకోకూడదు.

బులెటిన్‌లో "సాధారణ పోటు కంటే మీటరు నుంచి మీటరున్నర ఎత్తున ఉప్పెన" అని రాస్తారు. సాధారణ పోటు కంటే అన్న మాట గమనించండి. తుపాను పోటు వేళకు వస్తే ఆ పోటు దీనికి కలుస్తుంది, పైన అలలు వేరే. ఆటు వేళకు వస్తే కొంత తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణముల దగ్గర పోటు ఎక్కువగా ఉంటుందని వేటకు వెళ్లేవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉప్పెన అంచనాలు తయారుచేసేది హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్. అది అలల ఎత్తు వేరుగా, ఉప్పెన వేరుగా ఇస్తుంది. రెంటినీ కలగలిపి వాట్సాప్‌లో తిప్పుతారు, జాగ్రత్త.

మరి మీ ఇల్లు ఎంత ఎత్తులో ఉంది? ఫోన్ చూపించే ఎత్తును నమ్మొద్దు. అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఇక్కడ బతుకు తేలేది ఒక్క మీటరు తేడాలో. ఊళ్లో పెద్దల్ని అడగండి: 77 తుపానులో నీరు ఎక్కడిదాకా వచ్చింది, 1990 తుపానులో ఎక్కడిదాకా, గుడి మెట్టు మునిగిందా. ఇంటికీ సముద్రానికీ మధ్య దూరం కంటే, ఇంటికీ దగ్గర్లో ఉన్న ఉప్పుటేరుకూ మురుగు కాల్వకూ మధ్య దూరం చూడండి. ఉప్పెన రోడ్డు మీద కంటే కాల్వల్లో వేగంగా లోపలికి వస్తుంది. తీరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నా డ్రెయిన్ గట్టు పక్కన ఉన్న పేట, తీరానికి రెండు కిలోమీటర్లలో మెరక మీదున్న పేట కంటే ముందు మునగొచ్చు. సరుగుడు తోటలూ మడ అడవులూ అలల దూకుడు తగ్గిస్తాయి గానీ నేలను ఎత్తు చేయవు.

(హ్యూస్టన్, టాంపాల్లో ఉండే మనవాళ్లు ఎదుర్కొనే హరికేన్ కూడా ఈ జాతిదే, పేరే వేరు. ఫ్లోరిడాలో ఇంటర్నెట్‌లో చిరునామా కొడితే మీ ఇల్లు ఖాళీ చేయాల్సిన జోన్లలో దేన్లో ఉందో ముందే తెలుస్తుంది. ఆ జోన్లు గీసింది ఉప్పెనను బట్టే. అక్కడ ఇంకో ప్రమాదముంది, వెళ్లనక్కర్లేనివాళ్లూ కార్లలో బయల్దేరడం. 2005లో రీటా హరికేన్‌కు హ్యూస్టన్ జనం ఒక్కసారిగా రోడ్డెక్కితే గాలికంటే ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. మన దగ్గర వెళ్లాల్సింది వందల కిలోమీటర్లు కాదు, ఐదారు కిలోమీటర్ల దూరంలోని గట్టి బడికో షెల్టర్‌కో.)

నీటి ప్రమాదం లేదని గట్టిగా తేలితే అప్పుడు ఇంటి రకం చూడాలి. పూరిల్లు, మట్టిగోడల ఇల్లు, రేకుల ఇల్లు అయితే తీవ్ర తుపానుకు వదలాల్సిందే, చర్చ లేదు. రేకుల మీద ఇసుక బస్తాలు వేస్తే ఆగుతాయన్న నమ్మకం ఉంది. గాలి రేకును పైనుంచి నొక్కదు, పైకి పీకుతుంది. గాలివాటు తలుపు ఊడితే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా తోస్తుంది. బస్తాలతో సహా లేస్తుంది. రేకును దూలానికి బిగించిన బోల్టులు తుప్పు పట్టకుండా ఉంటేనే దానికి బలం. పెంకుటింట్లో పెంకులు ఎగిరి పక్కింటివాళ్లకు ప్రాణాంతకమవుతాయి. డాబా అయితే గాలికి తట్టుకుంటుంది, అయితే ఇంటి మీదికి వాలిన కొబ్బరి చెట్టూ, గాలివాటుకున్న గాజు కిటికీలూ లెక్కలోకి తీసుకోవాలి. మేడ మీద సింటెక్స్ ట్యాంకును నిండా నింపండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, కదలదు. ఖాళీది బంతిలా ఎగురుతుంది. అయితే డాబా ఎంత గట్టిదైనా ఒకే అంతస్తుదై, ఉప్పెన దారిలో ఉంటే అది ఇంటి కింద లెక్కకు రాదు. ఘనపు మీటరు నీరు కూడా ఒక టన్నే, పైగా అది నడుస్తూ వస్తుంది.

గడియారాన్ని వెనక్కి తిప్పడం

ఇప్పుడు అసలు లెక్క. తుపాను రేపు రాత్రి 11కి తీరం దాటుతుందని అంచనా అనుకుందాం. చాలామంది ఇంట్లోంచి కదిలే సమయాన్ని 11 నుంచి లెక్కేస్తారు, "సాయంత్రం చూద్దాం" అంటారు. లెక్క మొదలుపెట్టాల్సింది రోడ్డు మూసుకుపోయే సమయం నుంచి. దాటడానికి ఎనిమిది, పది గంటల ముందే 60 కిలోమీటర్ల గాలులు మొదలవుతాయి, అంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు లోపు. అప్పటికే చెట్లు రోడ్డుకడ్డంగా పడుతుంటాయి, కరెంటు తీసేస్తారు, బస్సులు ఆపేస్తారు. ఎదురుమొండి లాంటి దీవుల్లో, కోనసీమ లంకల్లో ఇంకా ముందే తాడు తెగుతుంది. గాలి కాస్త ముదిరిందంటే ఏరు దాటించే పంటు కట్టేస్తారు, అది పొద్దున్నే కావచ్చు. పశువుల్ని తోలడానికి, వలలు ఎత్తడానికి, ముసలివాళ్లను ఎక్కించడానికి మూడు, నాలుగు గంటలు తీసేయండి. వెరసి లంకలో ఉన్న కుటుంబం ఈ రాత్రే నిర్ణయించుకోవాలి. మెరక రోడ్డు పక్కనున్న కుటుంబానికి రేపు పొద్దున తొమ్మిది దాకా గడువుంది. ఒకే హెచ్చరికకు పక్కపక్క ఊళ్లకు గడువులు వేరు, దారిని బట్టి.

వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతుంది. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, మంచానికి అతుక్కున్నవాళ్లు పసుపు దగ్గరే ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్లిపోవాలి. మిగతా వాళ్లకు నారింజ. ఎరుపు వచ్చాక చేయగలిగేది సర్దుకోవడమే.

ఇక్కడే మామగారి అభ్యంతరం బలంగా నిలబడుతుంది: ప్రతిసారీ వెళ్తాం, ప్రతిసారీ ఏమీ కాదు. నిజమే. దానికి కారణం కూడా అంకెల్లోనే ఉంది. 24 గంటల ముందు చెప్పిన దారిలో ఈమధ్య సగటు తేడా 70, 80 కిలోమీటర్లు. బందరుకూ నరసాపురానికీ ఉన్నంత దూరం అన్నమాట. 48 గంటల ముందైతే ఇంకా ఎక్కువ. అంటే రెండు వందల కిలోమీటర్ల తీరాన్ని హెచ్చరిస్తారు, ఉప్పెన గట్టిగా తగిలేది అందులో యాభై, అరవై కిలోమీటర్లకు. ఖాళీ చేసిన నలుగురిలో ముగ్గురు పొడి ఇంటికి తిరిగిరావడం ఈ ఏర్పాటులో ఉన్నదే, మోసం కాదు. 2021 డిసెంబరులో జవాద్ అలాగే తీరం చేరకముందే బలహీనపడింది, ఉత్తరాంధ్రలో వేలమంది వెళ్లి ఊరికే తిరిగొచ్చారు. మరుసటి మే నెలలో అసాని సరిగ్గా ఉల్టా చేసింది. తీరం దగ్గరకు వచ్చి మళ్లిపోతుందన్నది మళ్లకుండా బందరు, నరసాపురం మధ్యకు వచ్చి పడింది. అప్పటికి నీరసించింది కాబట్టి సరిపోయింది. (ఆ అలల మీదే శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథమొకటి కొట్టుకొచ్చింది. తుపాను కంటే దానికే ఎక్కువ పేరొచ్చింది.)

ఖాళీ చేయడం పనిచేస్తుందా అన్నదానికి 1990 మే 9 చూడాలి. బలంలో 77కు ఏమాత్రం తీసిపోని తుపాను, దాదాపు అదే కృష్ణా ముఖద్వారం. ముందే లక్షలమందిని తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. అదీ పెద్ద సంఖ్యే, అయినా పదివేలు కాదు.

ఎందుకు కదలరు?

భయం లేక ఉండిపోయేవాళ్లు తక్కువ. చాలామందిని ఆపేది సామాను. బోటు, ఇంజను, వల కలిపితే ఒక మత్స్యకార కుటుంబం మొత్తం ఆస్తి, దానికి చాలాసార్లు బీమా ఉండదు. "బోటు చూసుకుంటూ ఒడ్డున ఉంటా" అన్న మనిషిని బతిమాలడం కంటే పొద్దున్నే నలుగురు కలిసి ఆ బోటును పైకి లాగడం మేలు. ఫైబర్ బోటు నుంచి ఇంజను విప్పి మేడ మీదికి చేర్చాలి. వలలు ఎత్తైన అరుగెక్కించాలి. కాల్వలో కట్టే మర బోట్లకు మోకు బిగదీసి కట్టకూడదు. నీరు రెండు మీటర్లు లేస్తే బోటూ లేవాలి, బిగుతుగా ఉంటే ముక్కు మునిగిపోతుంది. పక్క బోటుకు రాసుకోకుండా ఎడం ఉంచాలి. బోటులో కాపలా మనిషి ఉండకూడదు.

గొడ్లను కరకట్ట మీదికో మెరకకో తోలాలి. వీలుకాకపోతే పలుపులు విప్పి వదిలేయాలి. కట్టుగొయ్యకు ఉన్న గొడ్డు ఈదలేదు. విప్పినది తనంతట తాను ఎత్తు వెతుక్కుంటుంది. దొంగల భయానికి మందు: ఇంటికొక మగవాణ్ణి కాపలా ఉంచడం కాదు, వీధి మొత్తం ఒకేసారి వెళ్లడం, తాళాలు వేశాక పోలీసులకు చెప్పడం.

అన్నిటికంటే ప్రమాదంలో ఉండి, ఎవరి లెక్కలోకీ రానివాళ్లు రొయ్యల చెరువుల కాపలాదార్లు. వేరే ఊరి నుంచి వచ్చి చెరువుగట్టు మీద రేకుల షెడ్డులో ఉంటారు, రేషన్ కార్డు ఇంకో చోట ఉంటుంది, మైకు ఆటో గట్ల మీదికి రాదు. యజమాని ఫోన్లో "ఏరియేటర్లు చూసుకో" అంటాడు, చెరువు నీటికి గాలి పట్టించే మిషన్ల గురించి. తరలింపు జాబితా రాసేవాళ్లు ఇళ్లతో పాటు చెరువు షెడ్లనూ లెక్కపెట్టాలి.

షెల్టర్ మీద ఆడవాళ్లకున్న అయిష్టానికి కారణం మరుగుదొడ్లు. దాన్ని కొట్టిపారేయకూడదు, నారింజ దశలోనే వెళ్లి చూసి నీళ్లు పట్టించుకోవాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అప్పుడే కనుక్కోవాలి. వాన మొదలయ్యాక తాళం కోసం వెతికితే గంట పోతుంది. స్తంభాల మీద కట్టిన షెల్టర్ కింది భాగం ఖాళీగా ఉంచింది నీరు పారడానికి. అక్కడ బైకులు, గేదెలు పెట్టి అడ్డుకట్ట కట్టొద్దు. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు, వాడే మందులు వారానికి సరిపడా, టార్చి, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో, చేతిలో చిల్లర నోట్లు తీసుకెళ్లండి. కరెంటు, సిగ్నల్ పోయాక ఫోన్ పే పనిచేయదు. బయల్దేరేముందు గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, మెయిన్ స్విచ్ దించండి. శిబిరంలో పేరు రాయించుకోండి. 2025 అక్టోబరులో మొంథా అప్పుడు శిబిరాల్లో ఉన్నవారికి మనిషికి వెయ్యి, కుటుంబానికి మూడు వేలకు మించకుండా ఇచ్చారు. పేరు లేనివాళ్లకు అది రుజువు చేసుకోవడం కష్టం.

గడువు దాటిపోయి ఇంట్లోనే చిక్కుకుంటే ఉప్పెన వైపు ప్రయాణం పెట్టుకోవద్దు, దగ్గర్లో రెండో అంతస్తు ఉన్న డాబా ఎక్కండి, 112కో 1070కో ఫోన్ చేయండి. గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందనుకుని బయటికి రావద్దు. అది కన్ను. కొన్ని నిమిషాల నుంచి గంట వరకు ఉంటుంది, తర్వాత అంతే బలంతో గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా చాటుగా ఉన్న గోడే ఇప్పుడు గాలివాటు.

తిరిగి వెళ్లేది అధికారులు చెప్పాకే. వంగిన స్తంభాల తీగల్లో కరెంటు లేదని మీరు తేల్చొద్దు. పాములు మెరక వెతుక్కుంటాయి, అంటే మీ అటక, మీ బియ్యం డ్రమ్ము వెనక. ఉప్పునీరు చేరిన బావిని రెండు మూడు సార్లు తోడి, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగాలి. అది క్రిములకే, ఉప్పదనం కాచినా పోదు, కొన్ని వానలు పడాలి. ఇల్లు కడిగేముందు నీరు చేరిన ఎత్తు దగ్గర గోడ మీద గీత గీసి, తేదీ రాసి, గడప నుంచి ఎన్ని అంగుళాలో కొలిచి, ఫొటో తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు చూపించడానికి ఒకసారి పనికొస్తుంది. సున్నం వేసేటప్పుడు ఆ గీత మాత్రం చెరపకండి.